కొబ్బరితోటలో పెళ్లి, వీల్‌చైర్‌లో పెళ్లికొడుకు: లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్నాను. వచ్చే మాఘంలో నా పెళ్లి. కాబోయే ఆయన వీల్‌చైర్ వాడతారు. హైదరాబాద్ నుంచి వచ్చే ఆయన స్నేహితులు ఇద్దరు, మా నాయనమ్మ కూడా వీల్‌చైర్‌లోనే. మా కొబ్బరితోటలో పందిరి వేసి పెళ్లి చేసుకోవాలని నా కోరిక. ఈవెంట్ వాళ్లు 600 మందికి లెక్కేసి మొత్తం 12.5 లక్షలు అన్నారు. అందులో ‘వీల్‌చైర్ ప్యాకేజీ’ ఒక్కటే 1.8 లక్షలు. వాళ్లకు 10 వేలు అడ్వాన్సు ఇచ్చాం. నా దగ్గర 5.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. నెలకు 30 వేలు దాచగలను, ఇంకా తొమ్మిది నెలలుంది. నాన్నగారు 2 లక్షలు ఇస్తారు. అబ్బాయి వాళ్లు లక్షన్నర ఇస్తామంటే నాన్నగారు వద్దనేశారు. తక్కువైన దానికి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. చుట్టాలేమో ఇంత గొడవెందుకు, కల్యాణ మండపంలో చేసేయమంటున్నారు. కొటేషన్, తోట ప్లాను గీసి పంపుతున్నాను.

జవాబు: పెళ్లి తోటలోనే చేసుకోండి. లోన్ వద్దు. ఆ ప్యాకేజీ అసలే వద్దు.

ముందు ప్యాకేజీ సంగతి. మీరు పంపిన కొటేషన్‌లో ‘వేదిక ఎత్తు 3 అడుగులు, ర్యాంపు పొడవు 8 అడుగులు’ అని ఉంది. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వీల్‌చైర్ ర్యాంపుకు వాడే కొలత ఒకటికి పన్నెండు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. 3 అడుగుల వేదికకు 36 అడుగుల ర్యాంపు పడుతుంది. ఎనిమిది అడుగుల్లో ముగించారంటే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. ఎవరో ఒకరు వెనక నుంచి తోసినా ప్రమాదమే, దిగేటప్పుడు మరీను. రెండో పద్దు ‘మొబైల్ టాయిలెట్లు 2’. బండి మీద వచ్చే ఆ టాయిలెట్లకు మామూలుగా రెండు మూడు మెట్లుంటాయి, తలుపు సన్నగా ఉంటుంది, లోపల కుర్చీ తిరగదు. మూడోది ‘రెడ్ కార్పెట్’. మెత్తటి నల్లమట్టి మీద కార్పెట్ పరిస్తే ముందున్న చిన్న చక్రాలు అందులో కూరుకుపోతాయి. 1.8 లక్షలు పోసి పనికిరాని మూడు వస్తువుల్ని ఒక్కరోజు అద్దెకు తెచ్చుకోవడం ఎందుకు?

వాళ్లు మోసం చేస్తున్నారని నేననను. ఎప్పుడూ చేయని పని కాబట్టి తోచిన అంకె వేశారు.

ఇక మీ ఇంటి వైపు నుంచి చూద్దాం. ఆయన మీ ఇంటికి పెళ్లినాడు ఒక్కసారి వచ్చి వెళ్లిపోయే మనిషి కాదు. గోదావరి జిల్లాల్లో అల్లుడికి సంక్రాంతి ఎలా జరుగుతుందో నేను మీకు చెప్పాలా? ఏటా పండక్కి వస్తారు, ఊళ్లో శుభకార్యాలకు వస్తారు, రేపు పిల్లలతో వేసవి సెలవులకు వస్తారు. మీ నాయనమ్మగారైతే ఆ ఇంట్లోనే ఉన్నారు. అందుకని దారి, బాత్రూమ్ ఈ రెండింటినీ పెళ్లి ఖర్చులో రాయకండి, ఇంటి ఖర్చులో రాయండి. అద్దె సామానుకు పోసే డబ్బుతో ఇంటికి శాశ్వతంగా పనికొచ్చేవి కట్టించుకోవచ్చు. నా సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఈ పనికి ఇప్పుడే మంచి సమయం. వేసవిలో కాలువలు కట్టేశారు, నేల ఎండి ఉంది, ట్రాక్టరు తోట దాకా వస్తుంది. మాఘంలో చూద్దాంలే అనుకుంటే చుట్టూ దాళ్వా (రెండో పంట వరి) చేలకు నీళ్లు పెట్టి ఉంటారు, పంట బోదె పక్కనున్న తోటలో ఊట దిగుతుంది. అప్పుడు మట్టి తోలినా బురదే. ఇప్పుడు గ్రావెల్ తోలించి దారి మేరకు మెరక చేయించండి. అంచుల్లో ఇటుక వరస పెట్టించండి, లేకపోతే వానలకు కోసుకుపోతుంది. నాలుగైదు నెలల వానలకు మెరక తనంతట తానే కూర్చుంటుంది. కార్తీకం దాటాక పైన సిమెంటు వేయించండి. కొత్త మెరక మీద వెంటనే సిమెంటు వేస్తే నెర్రెలిస్తుంది, డబ్బు దండగ.

మీ ప్లాను ప్రకారం గేటు నుంచి పందిరికి 120 అడుగులు, పందిరి నుంచి బాత్రూమ్‌కు 40, భోజనాల దగ్గరకు 60. మొదటి రెండూ కలిపి 160 అడుగులు పక్కా దారి వేయించండి. వెడల్పు 5 అడుగులుంటే కుర్చీ పక్కన మనిషి నడవగలడు. మేస్త్రి లెక్క ఎక్కువొస్తే 4 అడుగులకు తగ్గించుకోండి, అంతకన్నా తగ్గవద్దు. భోజనాల దారికి సిమెంటు అక్కర్లేదు. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీట్లు ఎనిమిది పొడవుగా పరిస్తే సరిపోతాయి. మందం 18 ఎం.ఎం. ఉండాలి, అతుకుల కింద పట్టీ కొట్టించి స్క్రూలు బిగించాలి. సెంట్రింగ్ వాళ్ల దగ్గర అద్దెకు దొరికితే ఇంకా మంచిది.

ఇంకోటి. మాఘంలో మన దగ్గర వాన భయం తక్కువే కానీ మంచు ఎక్కువ. తెల్లవారుజాము ముహూర్తమైతే ప్లైవుడ్ నూనె రాసినట్టు ఉంటుంది. దాని మీద పలచటి కొబ్బరి పీచు పట్టా బిగించి మేకులు కొట్టించండి. అంబాజీపేట దగ్గర ఉండి పీచు పట్టాకి వెతుక్కోవలసిన అవసరం రాదు లెండి.

బాత్రూమ్‌కు తలుపు వెడల్పు 3 అడుగులుండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపల కుర్చీ తిరగడానికి ఐదడుగుల ఖాళీ, వెస్టర్న్ సీటు 18 నుంచి 19 అంగుళాల ఎత్తు, పక్కన గోడకు గట్టి పట్టుకమ్మీలు. టైల్స్ నున్నటివి వద్దు. కొలతలు ఖాయం చేసే ముందు మేస్త్రి చేత అబ్బాయికి ఒక్కసారి ఫోన్ చేయించండి. ఆయన ఏ పక్క నుంచి సీటు మీదికి మారతారో ఆయనే చెప్పాలి, మీరూ నేనూ ఊహించేది కాదు.

వేదిక విషయంలో ఖర్చు పెంచక్కర్లేదు, తగ్గించాలి. 3 అడుగుల వేదిక ఎందుకు? అరడుగు అరుగు చాలు, ఆరడుగుల ర్యాంపుతో పైకి వచ్చేస్తారు. వెనక వరసల వాళ్లకు కనపడదంటారా, కుర్చీలు మూడు వైపులా వేయించండి. ‘నలుగురం ఉన్నాం, ఎత్తి కూర్చోబెట్టలేమా’ అనే బాబాయిలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పెళ్లికొడుకును పల్లకిలో మోయడం వేరు, కుర్చీతో సహా ఎత్తి మోయడం వేరు. అది ఆయనకు ఇష్టమో కాదో అలా ఉంచండి, చెయ్యి జారితే ఆస్పత్రి బిల్లు ఏ బడ్జెట్‌లోనూ ఉండదు.

వడ్రంగి చేత వీల్‌చైర్ సీటు ఎత్తుకు ఒక పీట చేయించుకోండి, మీరు దాని మీద కూర్చోండి. జీలకర్ర-బెల్లం దగ్గర, తలంబ్రాల దగ్గర ఇద్దరూ సమానంగా ఉంటారు, ఫొటోలూ బాగా వస్తాయి. హోమగుండం చుట్టూ ఐదడుగులు ఖాళీ వదలమని పురోహితులకు ముందే చెప్పండి, ప్రదక్షిణ ఎలా చేయించాలో ఆయనే ఆలోచిస్తారు. కొంగుముడి మాత్రం పొట్టిగా వేయించండి. ఉత్తరీయం, పమిట చెంగు చక్రాల ఊచల్లో చుట్టుకునే వస్తువులు, పక్కన నిప్పు కూడా ఉంటుంది.

భోజనాలకు బఫే వద్దు, బంతి భోజనం పెట్టండి. ఒళ్లో ప్లేటు పెట్టుకుని కౌంటర్ల వెంట కుర్చీ తోసుకోవడం ఎవరికైనా కష్టమే. బంతిలో వడ్డన మన దగ్గరికే వస్తుంది. చివర రెండు బల్లల దగ్గర కుర్చీలు తీసేయించి, కింద అడ్డకమ్మీ లేని బల్లలు వేయమనండి, మోకాళ్లు లోపలికి పట్టాలి. షామియానా తాళ్లు, జనరేటర్ వైర్లు దారికి అడ్డంగా రాకూడదని కూడా టెంట్ వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. పెళ్లికి వారం ముందు తోటలో దింపు తీయించండి. పందిరి మీద కాయ పడకుండా ఉంటుంది, కాయల డబ్బూ చేతికొస్తుంది.

ఇప్పుడు లెక్క. కొటేషన్‌లో భోజనాలు 2.7 లక్షలు, అలంకరణ 2.4, పందిరి-లైట్లు-జనరేటర్ 1.6, ఫొటో-వీడియో 1.7, ప్యాకేజీ 1.8, బట్టలు, మేళం, బస, రవాణా వగైరా 2.3. నేనైతే ఇలా మారుస్తాను. పిలుపులు 450కి తగ్గించండి. మనిషికి 450 రూపాయల లెక్కన భోజనాలు 2,02,500 అవుతాయి. అలంకరణ 1.1 లక్షలు. ఎత్తు వేదిక పోయింది కాబట్టి దాని వెనక సెట్టింగూ పోతుంది, పూలు తిన్నగా రాజమండ్రి దగ్గరి కడియం ఊరి నుంచి తెప్పించుకోండి. పందిరిలో పైసా కోయను, అది యథాతథంగా 1.6 లక్షలు. ఫొటో-వీడియో 1.1 లక్షలు. అరడుగు వేదికకు ఎల్ఈడీ తెర ఎందుకు, డ్రోన్ కొబ్బరాకుల మధ్య ఏం తీస్తుంది? వగైరా 1.9 లక్షలు. దారి 70 వేలు, బాత్రూమ్ లక్ష, ప్లైవుడ్, ర్యాంపు, పట్టాలు 30 వేలు, వెరసి 2 లక్షలు. మొత్తం 9,72,500. ఇందులో లక్షా డెబ్బై వేలు ఇంటికే మిగిలిపోయేవి.

మీ దగ్గర ఎఫ్‌డీ, తొమ్మిది నెలల పొదుపు, నాన్నగారి డబ్బు కలిపితే 10.2 లక్షలు. లోన్ లేకుండానే సరిపోతోంది. అయినా అబ్బాయి వాళ్ల లక్షన్నర తీసుకోమనే నేను చెప్తాను. నాన్నగారికి ఇది పరువు సమస్యగా అనిపిస్తోందని అర్థమైంది. కట్నం అడగకుండా ఖర్చు పంచుకుంటామని వచ్చిన వియ్యంకుడు ఎంతమందికి దొరుకుతాడు? అది తీసుకుంటే ఎఫ్‌డీలో లక్షన్నర కదపకుండా ఉంటుంది, పైఖర్చులకు ఇంకో 47 వేలు చేతిలో ఉంటాయి. కొత్త కాపురం ఖాళీ ఖాతాతో మొదలుపెట్టకూడదు. అదే 3 లక్షల లోన్ తీసుకుని ఉంటే 13 శాతం వడ్డీకి మూడేళ్లపాటు నెలకు దాదాపు 10,100 కట్టాలి, వడ్డీయే 64 వేలు దాకా అవుతుంది. పైన చెప్పిన దారి ఖర్చు దాదాపు అంతే.

డబ్బు తీసే వరస కూడా ముఖ్యం. నాన్నగారికి దాళ్వా ధాన్యం డబ్బు ఈ రోజుల్లోనే వస్తుంది కాబట్టి మెరక, బాత్రూమ్ పనులకు అది వాడండి. మీ 30 వేలు నెలనెలా ఆర్‌డీలో వేయండి. ఎఫ్‌డీ చివరికి, కావలసినంత మేరకే తీయండి. గడువుకు ముందు తీస్తే బ్యాంకులు సాధారణంగా వడ్డీలో కొంత కోత పెడతాయి, కాబట్టి ఈసారి రెన్యువల్ చేసేటప్పుడు 4 లక్షలకు ఒకటి, లక్షన్నరకు ఒకటి విడివిడిగా వేసుకోండి. పెళ్లి బీమా పాలసీలు ఉన్నాయి కానీ మాఘంలో ఈ ఖర్చుకు నేను చెప్పను. ముహూర్తం కార్తీకంలో అయి ఉంటే, 1996 నవంబరు తుపాను చూసిన ప్రాంతం కాబట్టి, ఆలోచించమనేవాణ్ణి.

చదివింపుల గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చే కానుకల మీద ఆదాయపు పన్ను లేదు. ఆ మినహాయింపు మీ ఇద్దరికే, తల్లిదండ్రుల పేరున వచ్చేవాటికి కాదు. చదివింపుల పుస్తకం జాగ్రత్తగా రాయించి దాచండి, బ్యాంకులో వేసినప్పుడు అదే ఆధారం. ఒకే వేడుకకు సంబంధించి ఒకరి దగ్గర నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. వంటవాళ్లకైనా, టెంట్ వాళ్లకైనా యూపీఐలోనో చెక్కుతోనో ఇచ్చి రసీదు తీసుకోండి.

అబ్బాయి స్నేహితులకు రైల్వే రాయితీ కార్డు ఉంటే, తోడు లేకుండా ప్రయాణించలేని వారికి స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్లలో 75 శాతం దాకా రాయితీ ఉంది, తోడు వచ్చేవారికి కూడా. రాజమండ్రి స్టేషన్ నుంచి డిక్కీ పెద్దదున్న కారు మాట్లాడండి. అమలాపురంలో లాడ్జి గది బుక్ చేసే ముందు మీ తమ్ముడినో ఎవరినో టేపు ఇచ్చి పంపి బాత్రూమ్ తలుపు కొలిపించండి. ఫోన్‌లో అడిగితే అందరూ ‘పడుతుందండీ’ అంటారు.

ఇక ఆ పదివేల అడ్వాన్సు. వాళ్లనే పందిరికి, లైట్లకు ఉంచుకుని అందులో సర్దమనండి. కొత్త కాగితం రాయించి వేదిక ఎత్తు, ర్యాంపు పొడవు, దారి వెడల్పు అంకెలతో సహా పెట్టించండి. ముందు మూడో వంతు ఇవ్వండి, చివరి 20 శాతం మాత్రం పెళ్లికి ముందురోజు సాయంత్రం అబ్బాయి వచ్చి గేటు నుంచి వేదిక దాకా ఎవరి సాయమూ లేకుండా తనే కుర్చీ నడుపుకుని చూశాకే ఇస్తామని రాయండి. దానికి ఒప్పుకోకపోతే ఆ పదివేలూ వదిలేసి వేరే టెంట్ వాళ్లను చూసుకోండి.