ఉరుముకు ముందే చేయాల్సిన పని

విశాఖపట్నం

చి.ల.సౌ. శ్రావణికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన వీడియో చూశాను. ఉరుములకి బెదిరి మీ కుక్క పండు బాత్రూంలో కమోడ్ వెనక ఇరుక్కుని, తోక పొట్ట కిందికి ముడిచి, నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు. కింద టైల్స్ మీద చొంగ మడుగు కట్టింది. వెనక నుంచి అల్లుడి గొంతు వినిపిస్తోంది: "ఊరికే గారాబం చెయ్యకు, ఇంకా ఎక్కువ చేస్తాడు" అని. ముందు ఆ మాట సంగతి తేల్చి తర్వాత మిగతాది రాస్తాను. ఇది అల్లుడికి కూడా చదివి వినిపించు.

దగ్గరకు తీసుకుంటే భయం పెరగదు. ఒకప్పుడు కుక్కలకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్లంతా అలాగే చెప్పేవారు, నిజమే. "కూర్చో" అన్నప్పుడు కూర్చుంటే బిస్కెట్ ఇస్తాం, మళ్లీ కూర్చుంటాడు. కూర్చోవడం వాడి చేతిలో ఉన్న పని. గుండె దడ వాడి చేతిలో లేదు. వణుకుతున్నవాణ్ని నిమిరితే, "ఇదేదో బాగుంది, రేపు కూడా వణుకుదాం" అనుకోడు. జంతువుల ప్రవర్తన చదువుకున్న డాక్టర్లు ఇప్పుడు ఆ పాత మాట చెప్పడం లేదు. కాబట్టి పక్కన కూర్చో. ఒరుసుకుంటే ఒరుసుకోనీ. దూరంగా ఉంటానంటే అలాగే వదిలెయ్. దాక్కున్న చోటు నుంచి మాత్రం కాలర్ పట్టి లాగొద్దు, ఎంత మంచి కుక్కయినా ఆ క్షణంలో కరుస్తుంది.

నువ్వు నిదానంగా ఉండాలి, అది ముఖ్యం. మా అమ్మ ఉరిమినప్పుడల్లా అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ అంటూ ఊపిరి తీసుకోకుండా చదివేది. ఆవిడ చదివే తీరుకే పిల్లలకి, ఇంట్లో కుక్కకి కూడా భయం పుట్టేది. నువ్వు చదువుకుంటే మనసులో చదువుకో.

ఇక అసలు విషయం. ఉరుములు మొదలయ్యాక మనం చేయగలిగింది చాలా తక్కువ. చేసేదంతా అంతకు ముందే చేయాలి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో వాన ఎలా వస్తుందో నీకు తెలుసు. మధ్యాహ్నం దాకా మాడ్చేసి, సాయంత్రం నాలుగింటికి ఆకాశం నల్లబడి, ఈదురుగాలి లేచి, టీవీ వాళ్లు చెప్పే ఆ క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు తెచ్చేవి, నెత్తి మీదికి వస్తాయి. పండుకి భయం ఉరుము ఒక్కదానికే అనుకోకు. గాలి హోరు, చీకటి పడటం, మెరుపు, తడిమట్టి వాసన, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయని వాడు నేర్చేసుకున్నాడు. అందుకే మొదటిది కనబడగానే చివరిదాని భయం పట్టుకుంటుంది. మనకు అందని దూరపు ఉరుము కూడా వాడి చెవికి అందుతుంది.

నిద్ర రాకుండానే ఆవలిస్తాడు. ఊరికే మూతి నాక్కుంటాడు. చెవులు వెనక్కి పెట్టి నీ వెంట వంటింటికి, హాల్లోకి తిరుగుతాడు. ఎప్పుడూ ఎగబడి తినేవాడు బిస్కెట్ వాసన చూసి వదిలేస్తాడు. నీకు దొరికే అదను ఇదే. రొప్పడం, చొంగ కార్చడం దాకా వచ్చిందంటే అది చేయి దాటిపోయినట్టే.

మీరిద్దరూ ఆఫీసుల్లో ఉంటారు కాబట్టి ఫోన్లో దామిని యాప్ పెట్టుకో. పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసింది. చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. ఇంట్లో ఉంటే ఇంకా తేలిక. మెరుపు కనబడిన దగ్గర్నుంచి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించు, సుమారుగా అన్ని కిలోమీటర్లు. పదిహేను సెకన్లంటే ఐదు కిలోమీటర్లు. అప్పటికల్లా పండు తన చోట్లో ఉండాలి, ఇంటి బయటి తలుపులు మూసి ఉండాలి, కిందికి తీసుకెళ్లి ఒంటికీ రెంటికీ కానిచ్చేసి ఉండాలి. తీసుకెళ్లేటప్పుడు కాలర్ ఒక్కటే నమ్ముకోకు. బెదిరిన కుక్క తల వెనక్కి లాగిందంటే కాలర్ జారిపోతుంది, ఛాతీకి వేసే హార్నెస్ కొను. మెడలో నీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ఉండాలి. గాలివానల్లో తప్పిపోయిన కుక్కలు తక్కువేం కాదు.

చోటు సంగతి. మీ బెడ్‌రూంకి ఆ గాజు స్లైడింగ్ తలుపులున్నాయి చూశావూ, గాలివానలో దానంత పనికిమాలిన గది లేదు. మెరుపంతా లోపలికొస్తుంది, గాలికి ఫ్రేము గడగడలాడుతుంది. బాత్రూం ఎంచుకోవడంలో పండుకే నీకంటే ఎక్కువ తెలివి. నాలుగు పక్కలా గోడ, చిన్న వెంటిలేటర్, చల్లటి నేల. బొచ్చులో చేరే స్టాటిక్ కరెంటు పోవడానికి అక్కడికి వెళ్తాయని కొందరంటారు. రుజువేమీ లేదు, వాడికి బాగుంటే మనకేం పోయింది! గీజరు ఆపేసి, నేల తుడిచి, పైపులకి దూరంగా వాడి పరుపు వేసి, నువ్వు కప్పుకుని వదిలేసిన దుప్పటి ఉతక్కుండా దాని మీద పరుచు. నీ వాసన ఉండాలి. బాత్రూం తలుపు మాత్రం తెరిచే ఉంచు. గడియ పెడితే, భయంలో తలుపు గీరి గీరి గోళ్లు ఊడగొట్టుకుంటుంది కుక్క. బోనులో పెట్టి తాళం వేసినా అంతే, పళ్లు విరగ్గొట్టుకున్నవాటిని చూశాను.

లైటు వేసి ఉంచు. చీకటి గదిలో మెరుపు పదింతలు కనబడుతుంది. వెంటిలేటర్‌కి మందపాటి గుడ్డ కట్టు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఆ రొద కొంత ఉరుముని మింగేస్తుంది. పాటలు పెట్టొచ్చు. స్కాట్లండులో 2017లో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు షెల్టర్‌లో ఉంచిన దిక్కులేని కుక్కలకు రకరకాల సంగీతం వినిపిస్తే సాఫ్ట్ రాక్, రెగే అనే రెండు రకాల పాటలు బాగా పనిచేశాయట. నీకు తెలిసిన పాటలు పెట్టినా ఫర్వాలేదు, న్యూస్ చర్చలు మాత్రం వద్దు, ఆ అరుపులకి మనుషులకే బీపీ వస్తుంది. ఒక జాగ్రత్త: ఆ పాటలే మామూలు సాయంత్రాల్లో కూడా పెడుతూ ఉండు. వానరోజున మాత్రమే పెడితే, పాట మొదలవగానే "అయ్యో, ఉరుములొస్తున్నాయి" అని కనిపెట్టేస్తాడు. గాలి లేవగానే కరెంటు పోయే ఊరు మీది. ఇన్వర్టర్ లైను బాత్రూం లైటుకి ఉందో లేదో ఇవాళే చూసుకో.

తింటానంటే ప్రతి ఉరుముకీ ఒక ఉడికించిన చికెన్ ముక్క, ఎముక లేకుండా, ఉప్పూ మసాలా లేకుండా. గిన్నెలో పెరుగు పోసి ఫ్రీజర్లో పెట్టి ఇస్తే నాకుతూ కూర్చుంటాడు. నాకడం వాటికి నెమ్మదినిస్తుంది. తినకపోతే బలవంతంగా నోట్లో పెట్టకు. తినడం లేదంటే భయం ఆ స్థాయిలో ఉందని తెలుసుకో, అంతే. చాక్లెట్టు, కిస్‌మిస్, ఉల్లిపాయ పడ్డవి ఎంత బతిమాలినా పెట్టొద్దు.

ఛాతీకి బిగుతుగా చుట్టే జాకెట్లు అమ్ముతున్నారు. కొన్నిటికి పనిచేస్తాయి, కొన్నిటికి లేదు. డబ్బు తగలేసే ముందు అల్లుడి పాత టీషర్టు తొడిగి, నడుము దగ్గర ముడివేసి చూడు. మే నెల ఉక్కలో ఎక్కువ రొప్పుతుంటే వెంటనే తీసెయ్.

ఓపిక పట్టాల్సిన పని ఒకటుంది, చాలామంది వారం చేసి వదిలేసేది. ఉరుముల రికార్డింగు ఫోన్లో పెట్టి అలవాటు చేయడం. డిసెంబరు, జనవరిలో మొదలుపెట్టు, మీకు అప్పుడు ఉరుములుండవు. సౌండు ఎంత తక్కువంటే, వాడు చెవి ఒక్కటి తిప్పి ఊరుకోవాలి. ఉరుము వినబడుతుంది, చికెన్ ముక్క వస్తుంది. ఉరుము ఆగుతుంది, ముక్కలూ ఆగుతాయి. ఐదు నిమిషాలు చాలు. వాడు హాయిగా ఉన్నన్ని రోజులుండి ఒక గీత పెంచు. ఆవలించాడా, మూతి నాక్కున్నాడా, తొందరపడ్డావన్నమాట, రెండు గీతలు తగ్గించు. "చూద్దాం ఏం చేస్తాడో" అని అల్లుడు స్పీకరులో ఫుల్లుగా పెట్టాడంటే నెల రోజుల పని ఒక్క నిమిషంలో గంగలో కలుస్తుంది. రికార్డింగులో గాలీ మెరుపూ ఉండవు కాబట్టి పూర్తిగా నయమవుతుందని ఆశపెట్టుకోకు, కొంత తగ్గినా లాభమే.

నేను పశువుల డాక్టరుగా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పగలు గేదెలు, ఆవులే ఎక్కువ, కుక్కలు సాయంత్రం ఇంటికొచ్చేవి. ఆ అనుభవంతో ఒకటి అడుగుతాను. పండుకి ఏడేళ్లు దాటాయి. రెండేళ్ల క్రితం వరకూ వానొస్తే బాల్కనీలో పడుకునేవాడని నువ్వే చెప్పావు. వయసొచ్చాక కొత్తగా పుట్టిన భయం వెనక ఒక్కోసారి కీళ్ల నొప్పి ఉంటుంది. ఇంగ్లండులో లింకన్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ఈ విషయమే రాశారు. శబ్దానికి ఉలిక్కిపడినప్పుడు ఒళ్లు బిగుసుకుంటుంది, నొప్పి ఉన్న కీలు కలుక్కుమంటుంది, ఆ రెండూ వాడి బుర్రలో ముడిపడిపోతాయి. సోఫా ఎక్కబోయి ముందు కాళ్లు పెట్టి ఆగుతున్నాడా? పడుకుని లేచాక మొదటి నాలుగడుగులు బిగుసుకున్నట్టు వేస్తున్నాడా? నడుము దగ్గర చెయ్యేస్తే తల తిప్పి చూస్తున్నాడా? వీటిలో ఏది ఉన్నా ముందు నొప్పికి మందు కావాలి. అది తగ్గకుండా రికార్డింగులూ చికెనూ ఎంత పెట్టినా పని జరగదు.

ఇక భయానికి మందు. ఇంత భయం ఉన్నవాడికి మందు వాడటం తప్పేమీ కాదు, చుట్టాలు ఏమన్నా పట్టించుకోకు. పాతకాలంలో ఏస్‌ప్రోమజైన్ అనే మత్తుమందు ఇచ్చేవారు. ఒళ్లు వాలిపోతుంది, చూసేవాళ్లకి ప్రశాంతంగా పడుకున్నట్టుంటుంది, లోపల భయం అలాగే ఉంటుంది. కొన్నిటికి శబ్దం ఇంకా ఎక్కువగా తగులుతుంది. ఎవరైనా అదొక్కటే రాస్తే వేరేది అడుగు. ట్రాజొడోన్, గాబాపెంటిన్, ఆల్‌ప్రజొలామ్ లాంటివి ఇప్పుడు వాడుతున్నారు. ఏది, ఎంత అన్నది వాడి బరువు, లివరు, కిడ్నీలు చూసి డాక్టరే చెప్పాలి. వణుకు మొదలయ్యాక మింగిస్తే చాలా మందులు సగం కూడా పనిచేయవు, ఎంత ముందు వేయాలో రాయించుకో. వాన లేని ఒక సెలవురోజు డాక్టరుకి చెప్పి ఒకసారి వేసి చూడండి, ఎంతసేపు మత్తుగా ఉంటాడో తెలుస్తుంది. మీ అత్తగారి నిద్రమాత్ర ముక్క, మీరు వేసుకునే ఐబుప్రోఫెన్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపునీ కిడ్నీలనీ పాడుచేస్తుంది.

అక్టోబరు, నవంబరుల్లో పండుని తీసుకుని కాకినాడ వెళ్లేట్టయితే తుపాను సంగతి కూడా చూసుకో. మీ గాలివాన గంటలో పోతుంది, తుపాను గాలి అలా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీద పడినప్పుడు గంటల తరబడి అదే హోరు, తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బయటికి తీసుకెళ్లే వీలుండదు, ఇంట్లోనే ఒక మూల పాత పేపర్లు పరిచి అక్కడ పోసుకోవడం ముందే అలవాటు చేయాలి.

వాన వెలిశాక వాడే బయటికొచ్చేదాకా ఆగు. నీళ్ల గిన్నె దగ్గర పెట్టు, చొంగ కార్చి దాహంతో ఉంటాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నాకు పంపిన వీడియోతో పాటు, సోఫా ఎక్కుతున్నప్పుడు పక్క నుంచి ఇంకోటి తీసి పట్టుకెళ్లు. క్లినిక్‌లో టేబులెక్కిస్తే ఏ కుక్కా కుంటదు, నొప్పంతా దాచేస్తుంది. పండు బరువెంతో, డాక్టరేం రాశారో నాకు మెసేజ్ పెట్టు. మీ పిన్ని మాగాయ సీసా కట్టి ఉంచింది, ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాం.

ఇట్లు
మీ బాబాయి