గూట్లోంచి పడేసిన ఫించ్ పిల్లలకు చేత్తో మేత పెట్టొచ్చా?

ప్రశ్న: మా పంజరంలోని జీబ్రా ఫించ్ పిట్టల జంట మొదటిసారి నాలుగు పిల్లల్ని లేపింది. రెండో రోజే రెండింటిని గూటి కుండలోంచి కింద పడేశాయి. ఒకటి చనిపోయింది. రెండోదాన్ని దూదిలో పెట్టి ఉంచాను. మనిషి చెయ్యి తగిలింది కాబట్టి తల్లి ఇక దగ్గరికి రానివ్వదని, పాలు కలిపిన చోడి అంబలి పట్టమని పక్కింటావిడ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఆ పిల్ల సంగతి తేలిపోయే ఉంటుంది. కానీ ఫించ్‌లు త్వరగానే మళ్లీ గుడ్లు పెడతాయి కాబట్టి ఇది అప్పటికైనా పనికొస్తుంది. ముందు పాలు, అంబలి రెండూ వద్దు. పక్షులకు పాలు అరగవు, చోడిపిండిలో పిల్లకు కావలసినంత మాంసకృత్తులు ఉండవు. చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది కూడా నిజం కాదు.

అప్పుడే పుట్టిన ఫించ్ పిల్ల బరువు ఒక గ్రాము ఉంటే గొప్ప. చిలక పిల్లల్ని పెంచిన అలవాటున్న వాళ్లకు కూడా దీన్ని బతికించడం కష్టం, అందుకే నా మాట ఒక్కటే: మేత గురించి ఆలోచించే ముందు వెచ్చదనం చూడండి, వెచ్చబడ్డాక మళ్లీ తల్లి గూట్లోనే పెట్టండి. ఒళ్లు చల్లబడ్డ పిల్ల నోరు తెరవదు, నోరు తెరవని పిల్లకు తల్లిదండ్రులు మేత పెట్టవు, చివరికి చెత్త తోసినట్టు బయటికి తోసేస్తాయి. అరచేతుల్లో పట్టుకునో, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన ఉంచో వేడెక్కించి, అది కదిలి నోరు తెరిచాక గూట్లో వదిలి దూరంగా ఉండండి. మాటిమాటికీ కుండలోకి తొంగిచూడొద్దు. పెద్దవాటికి ఉడికించిన గుడ్డు చిదిపి, మొలకెత్తిన కొర్రలు కలిపి రోజూ పెట్టాలి. మన శ్రీకాకుళం ఉక్కకి గుడ్డు తొందరగా పాడవుతుంది, రెండు గంటల్లో తీసేయండి. అయినా మళ్లీ తోసేస్తే, అదే వయసు పిల్లలున్న బెంగాలీస్ ఫించ్‌ల గూట్లో పెట్టొచ్చు. పరాయి పిల్లల్ని పెంచడంలో వాటికి మంచి పేరుంది.

ఏ దారీ లేకపోతేనే చేత్తో పెట్టడం. దూది వద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి, టిష్యూ కాగితం వేయండి. చిన్న డబ్బాలో పాత ఫిలమెంట్ బల్బుతో 35–36 డిగ్రీలు ఉండేలా చూసుకోవాలి (ఎల్‌ఈడీ బల్బు చాలినంత వేడి ఇవ్వదు), థర్మామీటర్ తప్పనిసరి, కరెంటు పోతే వేడినీళ్ల సీసా సిద్ధంగా ఉండాలి. పుట్టిన పిల్లకు కొన్ని గంటలకు సరిపడా పచ్చసొన కడుపులోనే ఉంటుంది, కాబట్టి ఆదుర్దాపడి చల్లటి పిల్లకు మేత పెట్టకండి, అది అరక్క లోపలే పులిసిపోతుంది.

పెట్స్ షాపులో పక్షి పిల్లల ఫార్ములా పొడి అడగండి. కాచిన నీళ్లతో మొదటి రోజుల్లో పల్చటి మజ్జిగలా, తర్వాత కాస్త చిక్కగా కలపాలి. పెట్టేటప్పుడు వేడి 39–40 డిగ్రీలు ఉండాలి. ఎక్కువైతే మింగిన మేత ముందుగా చేరే మేత సంచి కాలుతుంది, తక్కువైతే అరగదు. సూది తీసేసిన ఇన్సులిన్ సిరంజితో, ముక్కు పక్కన మెల్లగా తాకితే నోరు తెరుస్తుంది, అప్పుడు చుక్కచుక్కగా వేయాలి, మూసిన ముక్కులోకి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది. మెడ పక్కన చర్మం కింద మేత సంచి నిండటం కనిపిస్తుంది, అది కొద్దిగా ఉబ్బితే చాలు. తెల్లవారినప్పటి నుంచి రాత్రి పది దాకా అరగంటకో గంటకో ఒకసారి, ఈకలు మొదలయ్యాక రెండు గంటలకోసారి. మూడు వారాలకి గూడు వదులుతుంది, తనంతట తాను తినడానికి ఐదు వారాలు పడుతుంది. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఒక్కరే చేయగలిగే పని కాదు, ఇంట్లో వాళ్లు వంతులు వేసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి పొలం గట్టున ఎర్ర మునియా పిల్లని తెచ్చాడు. ఇలాగే పెంచొచ్చా? – పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దండీ. జీబ్రా ఫించ్‌ ఆస్ట్రేలియా పక్షి, పంజరంలో పెంచే జాతి. మునియా మన అడవి పక్షి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం పట్టుకోవడం, పెంచడం నేరం. గూడు ఎక్కడుందో గుర్తుంటే ఈ రోజే అందులో పెట్టేయండి, లేదంటే దగ్గర్లోని అటవీశాఖ వాళ్లకు అప్పగించండి.