తీగ తెగి మనిషి పోయాడు, దావాకు మిగిలింది నాలుగు నెలలే

ప్రశ్న: మా బావగారి వయసు 34. రెండెకరాల సేద్యం, పని లేని రోజుల్లో ట్రాక్టరు తోలేవారు. గాలివాన కురిసిన మర్నాడు తెల్లవారుజామున చేనుకు వెళ్తూ, గట్టు మీద తెగిపడిన లెవెన్ కేవీ తీగ తొక్కి అక్కడికక్కడే చనిపోయారు. ఆ తీగ బాగా కిందికి వేలాడుతోందని పదిహేను రోజుల ముందే లైన్‌మన్‌కు ఫోన్ చేసి చెప్పాం. ఇది జరిగి ఏడాది ఎనిమిది నెలలు. పోలీసు కేసు కదల్లేదు. మా అక్క, ఇద్దరు చిన్నపిల్లలు, బావగారి తల్లి దిక్కులేని వాళ్లయ్యారు. విద్యుత్ సంస్థ వాళ్లు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని, ఒక కాగితం మీద సంతకం పెట్టమని అడుగుతున్నారు. క్రిమినల్ కేసు తేలాకే పరిహారం సంగతి చూద్దామని ఊరి పెద్దలు అంటున్నారు. ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు), లైన్‌మన్‌కు శిక్ష పడాలంటే ఏం చేయాలి?

జవాబు: శిక్ష సంగతి తర్వాత. మీరు రాసిన నాలుగు పేజీల్లో ఈ కేసును తేల్చే ముక్క ఒక్కటే, అదీ మీరు మాటవరసకు రాసింది: ఏడాది ఎనిమిది నెలలు.

ఇలాంటి మరణానికి కుటుంబం నష్టపరిహారం అడిగేది 1855 నాటి ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద. దానికి గడువు 1963 నాటి లిమిటేషన్ చట్టం 82వ ఆర్టికల్‌లో ఉంది. మనిషి చనిపోయిన రోజు నుంచి 2 ఏళ్లు. పోలీసులు ఛార్జిషీటు వేసిన రోజు నుంచి కాదు, విద్యుత్ సంస్థ మీ అర్జీకి బదులిచ్చిన రోజు నుంచీ కాదు. ఆలస్యమైతే మాఫీ పిటిషన్ వేసుకోవచ్చులే అనుకునేవాళ్లు చాలామంది. ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షన్ అప్పీళ్లకు, అర్జీలకే తప్ప అసలు దావాకు వర్తించదు. రెండేళ్లు దాటి ఒక్కరోజైనా, కారణం ఎంత న్యాయమైనదైనా, జడ్జిగారి చేతిలో ఏమీ ఉండదు. మైనర్లకు మేజర్లయ్యాక గడువు దొరికే వీలు చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద కుటుంబం మొత్తానికి దావా ఒక్కటే. తల్లి వేయగలిగి ఉండి వేయని దావాను పిల్లలు పదేళ్ల తర్వాత వేస్తే అవతలి వకీలు ఊరుకోడు. ఆ ఆశ పెట్టుకోకండి.

క్రిమినల్ కేసు తేలేదాకా ఆగమన్న పెద్దలు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ సలహా మీ అక్కకు పరిహారం లేకుండా చేస్తుంది. నిర్లక్ష్యం వల్ల మరణం అనే నేరానికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. అయితే అక్కడ ఫలానా ఉద్యోగి ఫలానా తప్పు చేశాడని అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. సివిల్ కోర్టులో అంత బరువు లేదు. అసలు కరెంటు విషయంలో నిర్లక్ష్యాన్ని కూడా మీరు రుజువు చేయనక్కర్లేదు. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో 2002లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. అక్కడ రాత్రి పూట ఇంటికొస్తున్న మనిషి వాననీటిలో పడివున్న తీగ తగిలి చనిపోయాడు. ఎవడో దొంగతనంగా కరెంటు లాక్కున్నాడు, మా తప్పేం లేదని బోర్డు వాదించింది. ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు, దానివల్ల మనిషి పోతే, తప్పున్నా లేకున్నా పరిహారం ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. తెగిన తీగ కరెంటుతోనే దారిమీద పడి ఉండకుండా చూసుకునే బాధ్యత కూడా వాళ్లదేనంది. కాబట్టి గాలివాన వచ్చిందన్న సాకు వాళ్లకు పెద్దగా అక్కరకు రాదు.

వాళ్లకు అక్కరకొచ్చేది మరొకటుంది. పోయినవాడి సొంత చేష్ట వల్లే ప్రమాదం జరిగిందని చూపగలిగితే ఈ సూత్రం నుంచి వాళ్లు జారుకోవచ్చు. మీరు పంపిన కాగితం నకలు చదివాను. మూడో పేరాలో ఏముందో మీరు చూశారా? ‘మృతుడు తెగిన తీగను చేతితో పక్కకు తీయబోయి మరణించినాడు, ఇకపై సంస్థపై ఎలాంటి క్లెయిము చేయము’ అని ఉంది. ఆ 5 లక్షలు ఈ వాక్యానికి వెల. మీ అక్క దానికింద సంతకం పెట్టిన రోజున ఆవిడే విద్యుత్ సంస్థ తరఫు సాక్షి అయిపోతుంది. ఎక్స్‌గ్రేషియా తీసుకోవడం తప్పు కాదు, తర్వాత కోర్టు ఇచ్చే మొత్తంలో దాన్ని తగ్గిస్తారు, అంతే. ఆ కాగితం మీద మాత్రం తీసుకోకండి.

చేత్తో తీశాడా, కాలితో తొక్కాడా అన్నది మీ మాటకు వాళ్ల మాట పోటీ కాదు. పోస్ట్‌మార్టం రిపోర్టు తీసి కాలిన గాయాలు ఎక్కడున్నాయో చూడండి. అరికాల్లో ఉంటే ఒక కథ, అరచేతిలో ఉంటే ఇంకో కథ. శవ పంచనామాలో కూడా ఆ వివరం రాసి ఉండాలి. అరచేతిలోనే ఉంటే మీ వకీలుకు ముందే చెప్పండి, దాచకండి. మోటారు సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదే ఉందని చివర్లో రాశారు. కొక్కెం వేస్తూ చచ్చిపోయాడని అనకుండా ఉండేందుకు ఆ సర్వీసు బిల్లులు, రసీదులు ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఇక మీ అజాగ్రత్త. తెగిపడిన తీగను, బావగారి కాలి చెప్పును మేనల్లుడు ఫోటోలు తీశాడట. ఆ ఫోన్ ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి కొత్తది కొన్నారట. ఇంత పెద్ద సాక్ష్యాన్ని షాపువాడికి ఇచ్చేసి, వాట్సాప్‌లో ఉన్నాయిగా అంటే ఎలా? 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, ఏ పరికరంలోంచి వచ్చిందో అందులో చెప్పాలి. ఆ ఫోటోలు మొదట అందుకున్నవాళ్ల ఫోన్ ఇంకా ఉంటే దాన్ని ఎవరూ ముట్టుకోకుండా దాచండి. చెరిపేయడం, ఫార్మాట్ చేయడం వద్దు. లైన్‌మన్‌కు చేసిన కాల్ వివరాలు కూడా టెలికం కంపెనీ దగ్గర ఎల్లకాలం ఉండవు. మీ నంబరు కాల్ వివరాల కోసం ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఎవరైనా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఉంటే ఆ ఫిర్యాదు నంబరు, తేదీ కనుక్కోండి. నోటిమాటగా ‘చెప్పాం’ అంటే చెల్లదు.

సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ఆ రాత్రి ఫీడరు (మీ వైపు కరెంటు తెచ్చే లైను) ఎప్పుడు ట్రిప్పయి ఆగింది, మళ్లీ ఎప్పుడు ఛార్జి చేశారు అన్న నమోదులు ఉంటాయి. తీగ నేలమీద ఉండగానే మళ్లీ కరెంటు ఇచ్చారని తేలితే మీ కేసు సగం గెలిచినట్టే. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ జరిగి ఉంటే ఆ రిపోర్టూ, ఈ లాగ్‌బుక్ నకలూ సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోయినా దావా ఆపకండి, తర్వాత కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు.

హైకోర్టులో రిట్ వేస్తే ఆరు నెలల్లో తేలుతుందని మీకు ఎవరో చెప్పారు. వాస్తవాల మీదే వివాదం ఉన్న కరెంటు మరణాల్లో రిట్ సరైన దారి కాదని 1999లోనే ఒడిశా గ్రిడ్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు అంది. మీ కేసులో చెయ్యా కాలా అన్నదే వివాదం. అక్కడ ఓడి వెనక్కొచ్చేసరికి గడువు దాటిపోతే, రిట్‌లో పోయిన కాలాన్ని మినహాయించమని మళ్లీ ఇంకో పోరాటం. పర్మనెంట్ లోక్ అదాలత్‌కు విద్యుత్ సరఫరా వివాదాలు వెళ్తాయి, కోర్టు ఫీజు కూడా లేదు. కానీ ఇది రాజీకి వీల్లేని నేరంతో ముడిపడిన వ్యవహారమని అవతలివాళ్లు అభ్యంతరం పెట్టే అవకాశం ఉంది. ఏడాదిన్నర చేతిలో ఉంటే ఆ దారి నేనే చెప్పేవాణ్ణి, ఇప్పుడు చెప్పను.

సివిల్ కోర్టులో దావా వేయండి. మీరు బావమరిది కాబట్టి మీ పేరుతో పడదు. భార్య, పిల్లలు, తల్లి హక్కుదారులు. మీ అక్క తనకోసం, మైనర్ల తరఫున, అత్తగారిని కూడా కలుపుకుని వేయాలి. ప్రతివాదిగా విద్యుత్ సంస్థను చేర్చండి. కోపం కొద్దీ కలెక్టర్‌ను, ప్రభుత్వాన్ని కూడా చేరిస్తే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాల్సి వస్తుంది, ఆ అవసరం మీకు లేదు.

ఎంత వస్తుందని అడిగారు. మోటారు ప్రమాదాల లెక్కనే కోర్టులు చాలావరకు ఇక్కడా వాడుతున్నాయి. నెలకు 12,000 సంపాదన రుజువైతే, సొంత పని చేసుకునే 40 ఏళ్లలోపు మనిషికి రాబోయే రోజుల్లో సంపాదన పెరుగుదల కింద 40 శాతం కలిపి 16,800. ఏడాదికి 2,01,600. నలుగురు ఆధారపడ్డవాళ్లున్నారు గనక ఆయన సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 1,51,200. వయసును బట్టి దీన్ని ఎన్నిసార్లు హెచ్చవేయాలో చెప్పే గుణకం 34 ఏళ్లకు 16. మొత్తం 24,19,200. సంపాదన రుజువుకు ట్రాక్టరు యజమాని వాంగ్మూలం, పాస్‌బుక్, పంట అమ్మిన చీటీలు తెండి.

కోర్టు ఫీజుకు డబ్బు లేదన్న మాట అడ్డంకి కాదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. మరణ ధ్రువపత్రం, ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం నకళ్లతో మీ అక్కను సోమవారం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లండి. ఎక్స్‌గ్రేషియాకు వేరే రసీదు రాయించుకోండి, ‘మిగతా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను’ అని. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.