పేరు తర్వాత, ముందు లోతు

చిన్నీ,

జీఐ పాథాలజీ (జీర్ణకోశ భాగాలను మైక్రోస్కోపులో చూసి రోగం తేల్చే) పోస్టింగ్ మొదలైందట. పేగుల స్లైడ్లన్నీ ఒకేలా కనబడుతున్నాయని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి ఏడాది నాకూ అలాగే ఉండేది. ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను కాబట్టి నాకు నిజంగా పనికొచ్చినది నీకు రాస్తున్నాను.

పేగు గోడ నాలుగు పొరలు: శ్లేష్మపొర, సబ్‌మ్యూకోజా, కండరపొర, బయట సీరోజా. స్లైడ్ పెట్టగానే రోగం పేరు వెతకకు. చిన్న లెన్స్‌తో, అంటే తక్కువ పెద్దదిగా చూపేదానితో, మొత్తం తిరిగి, ఇది ఎంత లోతుకు దిగింది, పేగులో ఎక్కడెక్కడ ఉంది అని అడుగు. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

రోజూ వచ్చేది అపెండిక్స్. రోజూ వస్తుందని తేలిగ్గా తీసుకోకు. కొసను నిలువుగా చీల్చు, మధ్య నుంచీ మొదలు నుంచీ అడ్డంగా ముక్కలు తియ్యి. న్యూరోఎండోక్రైన్ గడ్డలు (హార్మోన్లు చేసే కణాల నుంచి పుట్టేవి) ఎక్కువగా కొసలోనే ఉంటాయి. న్యూట్రోఫిల్స్, అంటే చీము కణాలు, కండరపొరలోకి దిగితే అక్యూట్ అపెండిసైటిస్ అని ధైర్యంగా రాయి. శ్లేష్మపొరలో నాలుగు కనబడగానే తొందరపడకు. ఒక్కోసారి లోపలంతా బాగానే ఉండి, సీరోజా మీదే చీము కణాలు ఉంటాయి. అప్పుడు మంట మొదలైంది పక్కనెక్కడో. ఫాలోపియన్ ట్యూబ్ చూశారా, పేగుకు ఇంకెక్కడైనా చిల్లు పడిందా అని సర్జన్‌ను అడగాలి.

పెద్దపేగు బయాప్సీల దగ్గర ఇంకా నిదానంగా ఉండు. పెద్దపేగులో మంట, పుండ్లు తెచ్చే రెండు రోగాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పురీషనాళంలో మొదలై పైకి వరసగా పాకుతుంది, సాధారణంగా శ్లేష్మపొర దాటదు. క్రోన్స్ వ్యాధి అక్కడక్కడా వదిలేస్తూ పోతుంది, గోడనంతా తినేస్తుంది. చదవడానికి తేడా ఎంతో స్పష్టం. కానీ నీ చేతికి వచ్చేది మిల్లీమీటర్ల ముక్క. అందులో గోడ మొత్తం ఉండదు. అందుకే ఏ ముక్క ఎక్కడి నుంచి తీశారో రాయని బయాప్సీని మొహమాటపడకుండా వెనక్కి అడుగు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి అలాంటి ముక్క చూసి అల్సరేటివ్ కొలైటిస్ అని రాసేశాను, స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. మనిషికి ఎక్కువైంది. మళ్లీ స్లైడ్ తీసి చూస్తే, పుండు మీద తేలుతున్న రసిలో, నేను చెత్త అనుకుని దాటేసిన చోట, గుండ్రటి కణాలు. నురగలాంటి ఒళ్లు, చిన్న న్యూక్లియస్, కడుపులో మింగిన ఎర్ర రక్తకణాలు. మ్యాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే మన సొంత కణాలు) అనుకున్నవి అమీబాలు. పీఏఎస్ అనే రంగు వేస్తే ముదురు గులాబీ రంగులో మెరిశాయి. స్టెరాయిడ్ ఆపించి మందు మార్చాక ఆ మనిషి కోలుకున్నారు. ఆ రోజు నుంచి పుండు ఉన్న ఏ బయాప్సీలోనైనా రసిని వదలకుండా చదివాను. నువ్వూ చదువు. గోడ మొత్తం దొరికినప్పుడు అమీబా పుండు కూజాలా ఉంటుంది, మూతి సన్నం, అడుగు వెడల్పు.

గ్రాన్యులోమా (రక్షణ కణాలు గుంపుగా చేరిన చిన్న ముద్ద) కనబడితే క్రోన్స్ అని కలం కదపకు. టీబీ కూడా చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే ఎక్కువగా కూర్చుంటుంది. గ్రాన్యులోమాలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసిపోయి, మధ్యలో కేసియేషన్ (జున్నులా చచ్చిన కణజాలం) ఉంటే టీబీ వైపే మొగ్గు. టీబీ క్రిముల కోసం వేసే జీల్ నీల్సన్ రంగులో బ్యాక్టీరియా కనబడకపోయినంత మాత్రాన టీబీ కాదనకు. ఈ తేడా తప్పితే టీబీ మనిషికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు పడతాయి.

పెద్దపేగు క్యాన్సర్ సంగతి నీకు చాలామంది చెబుతారు, నేను ఒక్కటే చెబుతాను. కోసి తీసిన పేగు చుట్టూ కొవ్వులో లింఫ్ నోడ్‌లు కనీసం 12 వెతకాలి. అక్కడ కళ్లకంటే వేళ్లే బాగా చూస్తాయి. దొరక్కపోతే మళ్లీ కూర్చో, ఆ మనిషికి కీమో ఇవ్వాలా వద్దా అన్నది ఆ నోడ్‌లతో ముడిపడి ఉంటుంది.

చివరికి గోడ దాటితే పెరిటోనియం, పొట్ట లోపలంతా పరుచుకున్న పలుచటి పొర. సర్జన్ పొట్ట తెరిచి, అంతటా తెల్లటి గింజలు చూసి, క్యాన్సర్ పాకిందని నిరాశగా ఫోన్ చేస్తాడు. అది టీబీ కావచ్చు, పూర్తిగా నయమయ్యేది. బయాప్సీ చూడకముందు నువ్వు ఔనని అనకు. పొట్టలో జెల్లీలా ఉందంటే ముందు అపెండిక్స్ ఎలా ఉందని అడుగు, చాలాసార్లు మూలం అదే. ఇక పొట్టలో చేరిన నీటిని స్లైడ్ మీద పూసిన స్మియర్‌లో, రెచ్చిన మీసోథీలియల్ కణాలు (పెరిటోనియాన్ని కప్పి ఉండేవి) అచ్చం క్యాన్సర్‌లా భయపెడతాయి. రెండు రకాల కణాలు విడివిడిగా ఉన్నాయా, లేక అన్నీ ఒకే కుటుంబంలా ఒకటి నుంచి ఒకటిగా మారుతూ కనబడుతున్నాయా అని చూడు. మొదటిదైతే క్యాన్సర్ అనుమానం, రెండోదైతే రెచ్చిన కణాల వైపు మొగ్గు. తేలకపోతే కణాలను ముద్దగా చేసి (సెల్ బ్లాక్) మీసోథీలియల్ కణాలను పట్టే కాల్రెటినిన్, క్యాన్సర్ కణాలను పట్టే బెర్‌ఈపీ4 పరీక్షలు వేయించు.

వచ్చే వారం నీకు అనుమానంగా ఉన్న స్లైడ్ల ఫొటోలు పంపు. చిన్న లెన్స్‌తో తీసినవి కూడా పెట్టు, నేనూ లోతు చూడాలి కదా.

మీ పెద్దనాన్న