కాపరి చికిత్సలో ఉన్నప్పుడు ఇంటి డబ్బు, సంఘం డబ్బు

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక గ్రామం. నా భర్త (52) ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర క్రైస్తవ సంఘానికి కాపరి (పాస్టర్). పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది; ఇప్పుడు విశాఖలో మూడు వారాలకొక విడత చొప్పున ఎనిమిది విడతల కీమో ఇస్తున్నారు. చికిత్స ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద జరుగుతోంది. ఆయన ఆదివారం వాక్యం చెబితే ఆరేడు వేలు కానుక వస్తుంది, చెప్పకపోతే రెండు వేలు కూడా రావడం లేదు. అందుకే నీరసంగా ఉన్నా వెళ్తున్నారు. నా కుట్టుపని మీద 6,000 వస్తుంది. ఇంటి ఖర్చు 17,000. రెండు లక్షల ఎఫ్.డి., ఒక ఎల్.ఐ.సి. పాలసీ, 30 సెంట్ల పొలం ఉన్నాయి. నర్సింగ్ చదివే అమ్మాయికి 60,000 ఫీజు కట్టాలి. మందిర నిర్మాణ నిధి ఆరు లక్షలు ఆయన పేరిట బ్యాంకులో ఉంది, అప్పుగా వాడుకోమని పెద్దలు అంటున్నారు. అమెరికాలోని మా తమ్ముడు, వాళ్ల సంఘంవారు సాయం పంపుతామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఫ్రిజ్‌లోని సీసా పట్టుకుంటే పాస్టర్‌గారి వేళ్లకు కరెంటు కొట్టినట్లవుతోందని, మొన్న ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చేటప్పుడు పళ్లెం మీరే పట్టుకోవలసి వచ్చిందని కూడా మీ ఉత్తరంలో రాశారు. ఆ స్థితిలో ఉన్న మనిషి ప్రసంగ వేదిక ఎక్కడం ఆయన విశ్వాసానికి సంబంధించిన విషయమైతే నేను మాట్లాడను. కానీ ఆ వారం బియ్యం, నూనె ఆ కానుక సంచి మీదే ఆధారపడి ఉన్నందువల్ల ఎక్కుతున్నారంటే అది డబ్బు ఏర్పాటులోని లోపం, దాన్ని సరిదిద్దవచ్చు. మిగిలిన ప్రశ్నలన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే.

సంఘ పెద్దలను కూర్చోబెట్టి, ఆయన వాక్యం చెప్పినా చెప్పకపోయినా ఏడాదిపాటు నెలకు 18,000 రూపాయలు పోషణ భత్యంగా ఇస్తామని తీర్మానం రాయించండి. అంత మోయలేమంటే 14,000 అయినా ఫరవాలేదు, కానీ అది ప్రతి నెలా ఒకే తేదీన కోశాధికారి చేతిమీదుగా ఖాతాలో పడాలి. ఏడాది అని ఎందుకంటున్నానంటే, ఎనిమిది విడతలు ఆరు నెలల్లో ముగిసినా వేళ్ల తిమ్మిర్లు, అలసట ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఉండవచ్చు, పరీక్షలు కొన్నేళ్లపాటు సాగుతాయి. కీమో ఎక్కించాక రెండు వారాలు మాత్రలు, మూడో వారం విరామం అన్నారు గనుక ఆ విరామంలో వచ్చే ఆదివారం ఆయనకు ఉంచి, డాక్టరు గుంపులోకి వెళ్లవచ్చంటేనే వాక్యం చెప్పనివ్వండి. మిగతా ఆదివారాలకు పెద్దల్లో ఒకరిని గానీ, పొరుగు ఊరి పాస్టర్‌గారిని గానీ పిలవండి. అలా వచ్చేవారి దారి ఖర్చులు కూడా సంఘమే పెట్టుకోవాలి. తిమ్మిరి వేళ్లతో బైకు మీద గృహ దర్శనాలు వద్దు.

ఇక మందిర నిధి. పెద్దలు ప్రేమతోనే అన్నారు, అయినా ఆ డబ్బు ముట్టుకోవద్దు. మందిరం కోసమని ఇచ్చిన కానుకను కాపరి అప్పుగా తీసుకుంటే, తీర్చేదాకా ఆ మాట ఊళ్లో నలుగురి నోళ్లలో నలుగుతూనే ఉంటుంది. చికిత్సలో ఉన్న మనిషికి ఆ భారం ఎందుకు? సంఘం సాయపడాలనుకుంటే అందరికీ చెప్పి ప్రత్యేక కానుక ఎత్తి, అప్పుగా కాక సాయంగానే ఇవ్వాలి. అంతకంటే ముఖ్యం, ఆ ఆరు లక్షలు ఆయన సొంత పేరిట ఉండటం. దాని వడ్డీ ఆయన పాన్ మీదే లెక్కకు వస్తుంది. రేపు ఏదైనా జరిగితే బ్యాంకు ఆ సొమ్మును మీ కుటుంబం ఆస్తిగానే చూస్తుంది తప్ప సంఘానిదిగా చూడదు. చెప్పడం కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. సంఘం రిజిస్టరై ఉంటే దాని పేరిట, ఇద్దరు పెద్దల సంతకాలతో నడిచే ఖాతాలోకి మార్చండి. రిజిస్టరు కాకపోతే ముందు ఆ పని చేయించండి.

మీ తమ్ముడు పంపే డబ్బు నేరుగా మీ ఖాతాకే రావాలి. ఆయన అమెరికా పౌరుడైనా, తోబుట్టువు గనుక ఏడాదికి పది లక్షల వరకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్.సి.ఆర్.ఎ.) కింద ప్రభుత్వానికి తెలియజేయనక్కరలేదు, ఆదాయపు పన్ను కూడా పడదు. ఆయన సంఘంవారి సంగతి వేరు. ఎఫ్.సి.ఆర్.ఎ. రిజిస్ట్రేషన్ లేని మీ సంఘం గానీ, పరిచర్య పేరిట పాస్టర్‌గారు గానీ విదేశీ పౌరుల నుంచి డబ్బు తీసుకోకూడదు, దయచేసి వద్దనండి. ఇక్కడి విశ్వాసులు, స్నేహితులు చికిత్సకని ఇచ్చే బహుమతులు ఆర్థిక సంవత్సరంలో 50,000 దాటితే ఆ మొత్తమంతా ఆయన ఆదాయంలో కలుస్తుంది. మీ స్థాయి ఆదాయానికి కొత్త విధానంలో పన్ను పడకపోవచ్చు గానీ, ఎవరు ఎంత ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.

విశాఖ ప్రయాణం ఒక్కోసారి 4,000 అవుతోందన్నారు. నెలకు లెక్కిస్తే సుమారు 5,800. క్యాన్సర్ రోగి చికిత్సకు వెళ్తుంటే రైల్వే స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ పూర్తి రాయితీ, వెంట వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఇస్తుంది. నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఆసుపత్రిలోనే అడగండి, ఈ ఖర్చు చాలా తగ్గుతుంది. భత్యం, కుట్టుపని కలిపి 24,000. రాయితీ లేకుండా చూసినా ఇల్లు, ప్రయాణం కలిపి 23,000 లోపే. ప్రభుత్వం పాస్టర్లకిచ్చే 5,000 గౌరవ వేతనం వస్తుంటే దాన్ని నెల ఖర్చులో కలపకుండా ఎల్.ఐ.సి. ప్రీమియానికి దాచండి. ఆ పాలసీని సరెండర్ చేయవద్దు, ఆగిపోనివ్వవద్దు. ఈ జబ్బు తర్వాత ఆయనకు కొత్త బీమా దొరకడం చాలా కష్టం. మరీ అవసరమైతే దానిమీదే రుణం తీసుకోవచ్చు. జబ్బు సంగతి రాయకుండా ఆరోగ్య బీమా ఇప్పిస్తానన్న ఏజెంటును మాత్రం ఇంకోసారి గుమ్మం ఎక్కనివ్వకండి. ప్రీమియం పోతుంది, క్లెయిమ్ రాదు.

అమ్మాయి ఫీజు ఎఫ్.డి. నుంచి కట్టేయండి. ఆ చదువు ఆగకూడదు, మరో ఏడాదిన్నరలో ఇంట్లో రెండో సంపాదన అదే. మిగిలిన లక్షా నలభై వేలను రెండు డిపాజిట్లుగా విడగొట్టి మీ ఇద్దరి పేర్లమీదా ఉంచితే, అవసరం వచ్చినప్పుడు ఒకటే రద్దు చేసుకోవచ్చు. పొలం ఇప్పుడు అమ్మవద్దు. జబ్బు కోసం అమ్ముతున్నారని తెలిస్తే కొనేవాళ్లు సగం ధరే చెబుతారు. మూడు రూపాయల వడ్డీ అప్పు జోలికీ పోవద్దు, మరీ తప్పనిసరైతే బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. తర్వాతి విడత కీమోకు వెళ్లేలోపు భత్యం తీర్మానం మీద పెద్దల సంతకాలు అయ్యేలా చూడండి.