ఎలక్ట్రిక్ బళ్ళు వచ్చేస్తే డిఫరెన్షియల్ పని పోతుందా?

నర్సన్నపేట తమ్ముడు అడిగింది ఇదీ. నాన్నగారికి హైవే పక్కన లారీలు, ట్రాక్టర్ల హౌసింగ్ (ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉండే డొల్ల) విప్పే షెడ్డు ఉంది. తనకి మెకానికల్ డిప్లొమా పూర్తయింది, పుణెలో గేర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. డిఫరెన్షియల్ మార్కెట్ ప్రపంచమంతా పెరుగుతోందని ఎక్కడో రిపోర్టు చదివాడు. ఎలక్ట్రిక్ బళ్ళు వస్తే అది మూలన పడుతుందని ఎవరో వీడియోలో చెప్పారట. షెడ్డా, పుణెయా అని టెన్షన్.

తమ్ముడూ, నేను విజయనగరం నుంచి గజపతినగరం వెళ్ళే రోడ్డు మీద ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. సాలూరు లారీలే నాకు అన్నం పెట్టాయి. కాబట్టి నా మాటల్లో షెడ్డు మీద మమకారం కొంత ఉంటుంది, అది తీసేసి చదువుకో.

ముందు ఆ వీడియో సంగతి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ తిరగాలి. ఆ తేడా సర్దడమే డిఫరెన్షియల్ పని. బండి డీజిల్ తాగుతోందా, కరెంటుతో నడుస్తోందా అన్నది దానికి అనవసరం. 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ దీనికి పేటెంట్ తీసుకున్నది ఆవిరి బండి కోసం! ఇవాళ ఒకే మోటారుతో నడిచే ఎలక్ట్రిక్ కారులో కూడా మోటారు పక్కనే వేగం తగ్గించే రిడక్షన్ గేర్లు, వాటితో పాటే డిఫరెన్షియల్ ఉంటాయి. బస్సు కాంప్లెక్స్ దగ్గర తిరిగే బ్యాటరీ రిక్షా కిందికి వంగి చూడు, వెనక ఇరుసు మధ్యలో కనబడే ఉబ్బు అదే. ముందొక మోటారు, వెనకొక మోటారు ఉన్న కారుకి మామూలుగా రెండు కావాలి. చక్రానికో మోటారు పెడితే మాత్రం అక్కర్లేదు, కానీ అలాంటి బళ్ళు చాలా తక్కువ.

ఇక రిపోర్టు. అందులో అంకె చూసి జీవితం నిర్ణయించుకోకు. ఒకరు లోపలి పళ్ళ చక్రాలనే లెక్కేస్తారు, ఒకరు కేసుతో సహా వేస్తారు, మరొకరు ఇరుసు మొత్తం కలిపేస్తారు. అందుకే ఏ రెండు రిపోర్టులూ కలవవు. నేనైతే బళ్ళు లెక్కపెట్టుకుంటాను. 2024లో ప్రపంచంలో కార్లు, లారీలు, బస్సులు కలిపి దాదాపు 9 కోట్ల 25 లక్షలు తయారయ్యాయి. అందులో చైనావే 3 కోట్ల 10 లక్షల పైన, మనవి 60 లక్షల దరిదాపుల్లో. ఇంచుమించు ప్రతి బండికీ కనీసం ఒక డిఫరెన్షియల్, ఫోర్ వీల్ డ్రైవ్‌కి రెండో మూడో. అదే ఏడాది ఎలక్ట్రిక్ కార్లు, ప్లగ్ పెట్టి చార్జ్ చేసే హైబ్రిడ్లు కలిపి 1 కోటి 70 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. వాటిలోనూ ఇది ఉంది. మన రోడ్ల నిండా ఉన్న బైకులకి మాత్రం దీనితో పని లేదు.

మరి భయం దేనికి? వస్తువు పోదు తమ్ముడూ, దాన్ని విప్పే పని పోతుంది. లారీకి హౌసింగ్ విడిగా ఉంటుంది కాబట్టి బోల్టులు తీసి కడుపు బయటికి లాగుతాం. ఎలక్ట్రిక్ కారులో మోటారు, గేర్లు, డిఫరెన్షియల్ ఒకే కేసులో మూసేసి వస్తాయి. పాడైతే కంపెనీవాళ్ళు మొత్తం తీసేసి కొత్తది బిగిస్తారు. నీ రెంచికి అక్కడ చోటుండదు. పైగా మోటారు నిమిషానికి పది, పదిహేను వేల చుట్లు తిరుగుతుంది, మోత ఉండదు. లారీలో ఇంజను గోలలో కలిసిపోయే గేరు కూత అందులో చెవిలో దోమలా వినిపిస్తుంది. అందుకే ఆ పళ్ళని ఫ్యాక్టరీలో చాలా నున్నగా, మైక్రాన్ల లెక్కన సాన పడతారు.

ఆ కొలత విలువ నాకు 2011లో తెలిసొచ్చింది, తెలిసిన తీరు మాత్రం బాగోదు. సాలూరు లారీ ఒకటి పినియన్ (షాఫ్టు చివర ఉండే చిన్న పళ్ళ చక్రం) పళ్ళు చిట్లి వచ్చింది. క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ళ చక్రం) చూస్తే బాగానే ఉంది. రెండూ కలిపిన సెట్టు ధర వినగానే ఓనరు తల పట్టుకున్నాడు. "పినియనొక్కటే ఎయ్యవా, క్రౌను బాగుంది కదేటి?" అన్నాడు. పాత సామాన్ల దుకాణంలో అదే పళ్ళ లెక్క పినియన్ దొరికింది. 41 పళ్ళ క్రౌన్, 7 పళ్ళ పినియన్, నిష్పత్తి 5.86. లెక్క సరిపోయింది, బిగించేశాను.

అయిదో రోజు సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాటు నుంచి డ్రైవరు ఫోన్. "ఏటన్నా, ఇంజను రయ్యిమంటంది గానీ బండి కదల్దు. షాఫ్టు తిరుగుతంది, చక్రం తిరగదు." నిండు లోడు, ఎక్కుడు మలుపు. క్లీనరు కుర్రాడు చక్రం కింద రాయి పెట్టి దాని పక్కనే కూర్చున్నాడట. నేను వెళ్ళేసరికి చీకటి పడింది. డ్రెయిన్ బోల్టు విప్పితే నూనె బదులు వెండి రంగు బురద కారింది. బోల్టు చివర అయస్కాంతానికి ఇనుప రజను ముళ్ళపందిలా పట్టింది. క్రౌన్ పళ్ళు తొమ్మిది లేవు.

తప్పు నాదే. క్రౌన్‌నీ పినియన్‌నీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసి జత చేస్తారు, రెండింటి మీదా ఒకే నంబరు కొడతారు. జత విడగొడితే పళ్ళ లెక్క సరిపోయినా పంటికి పన్ను ఆనే చోటు సరిపోదు. పళ్ళకి రంగు పూసి తిప్పి ఉంటే మచ్చ పంటి మధ్యలో కాక అంచున పడేది, నాకప్పుడే తెలిసేది. తొందరలో ఆ పావుగంట పని చెయ్యలేదు. కొత్త సెట్టు నా డబ్బుతో వేశాను, రెండు నెలల సంపాదన పోయింది. ఓనరు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. వచ్చినప్పుడల్లా "రంగేసినావా?" అని అడుగుతాడు, అది వేరే సంగతి.

ఈ రంగు పరీక్షనే ఫ్యాక్టరీలో మెషిన్లతో చేస్తారు. అందుకే నా ఓటు ముందు పుణెకి, మూడేళ్ళకి మాత్రమే. ఈ పనిలో ప్రపంచంలో పెద్ద పేర్లు డానా, అమెరికన్ యాక్సిల్, జీకేఎన్, జెడ్ఎఫ్, జపాన్ వాళ్ళ జేటెక్ట్. మన సోనా కామ్‌స్టార్ డిఫరెన్షియల్ గేర్లు చేసి విదేశాల్లో ఎలక్ట్రిక్ కార్లకి కూడా పంపుతోంది. లారీ ఇరుసులకి మైసూరు ఆటోమోటివ్ యాక్సిల్స్ పాత పేరు. ఇంత పెద్దవాళ్ళకీ నిలకడ లేదు. 2025 జనవరిలో జీకేఎన్ ఆటోమోటివ్ మాతృసంస్థ డౌలైస్‌ని కొంటున్నామని అమెరికన్ యాక్సిల్ ప్రకటించింది. అదే ఏడాది మేలో అమెరికా బయటి నుంచి వచ్చే కారు విడిభాగాల మీద 25 శాతం సుంకం వేసింది. ఎగుమతి మీద బతికే ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. ఆఫర్ లెటర్‌లో జీతం కంటే ముందు నిన్ను ఏ విభాగంలో వేస్తారో చూడు. ప్యాకింగ్‌లో వేస్తే వెళ్ళకు. గేర్ల తనిఖీ, హీట్ ట్రీట్‌మెంట్ (పళ్ళని కాల్చి గట్టిపరచడం), అసెంబ్లీ, వీటిలో ఏదైనా సరే.

షెడ్డు అప్పటికి ఎక్కడికీ పోదు. టెక్కలి వైపు గ్రానైట్ దిమ్మలు మోసే బళ్ళు, టిప్పర్లు ఇంకా డీజిల్‌వే, ఇప్పుడు కొన్నవే పదిహేనేళ్ళు తిరుగుతాయి. ఇక దమ్ముల కాలంలో ట్రాక్టర్లు చెప్పనక్కర్లేదు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే రెండోది కదలదు. అప్పుడు డిఫరెన్షియల్ లాక్ తొక్కితే రెండూ కలిసి లాగుతాయి. మనవాళ్ళు చక్రం జోరుగా తిరుగుతుండగానే తొక్కుతారు, లాక్ వదలకుండానే గట్టు దగ్గర మలుపు తిప్పుతారు. జులై, ఆగస్టుల్లో మా షెడ్డుకి వచ్చే ట్రాక్టర్లలో సగం ఈ బాపతే. మీ వైపూ ఇంతే అనుకుంటాను.

ఒక్కటి చెప్పు. మీ నాన్నగారు బ్యాక్‌లాష్ (పంటికీ పంటికీ మధ్య ఉండే సందు) వేలితో కదిపి చూస్తారా, ముల్లుతో కొలత చూపే డయల్ గేజ్ పెట్టి చూస్తారా? వేలితోనే అయితే పుణె నుంచి మొదటిసారి వచ్చేటప్పుడు ఒక గేజ్ పట్టుకురా. తీసుకోనంటారు, షెడ్డులో పెట్టి వచ్చెయ్.