క్లచ్ పోయింది, ఇంజిన్ ఆగిపోతోంది.. తప్పు నా డ్రైవింగ్‌దేనా?

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ప్రభుత్వ టీచర్‌ని. 14 నెలల క్రితం హైదరాబాద్‌లోని ఒక షోరూమ్‌లో 8 లక్షల 90 వేలు పెట్టి నా పేరు మీద పెట్రోల్ కారు కొన్నాను. మాన్యువల్ గేర్లది, లోన్ మీద తీసుకున్నాం. 9,800 కిలోమీటర్లకే క్లచ్ జారడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి లాగదు. ఇక్కడి సర్వీస్ సెంటర్ వాళ్లు క్లచ్ ప్లేటు వారంటీలోకి రాదని 14,600 రూపాయలు కట్టించుకున్నారు. జాబ్ కార్డులో ‘కస్టమర్ హాఫ్ క్లచ్‌లో నడుపుతున్నారు’ అని రాశారు, అంటే క్లచ్ పెడల్ సగం తొక్కిపెట్టి నడుపుతున్నానట. నాలుగు నెలలు తిరగకుండానే 14,200 కిలోమీటర్ల దగ్గర మళ్లీ అదే వరస. దానికి తోడు సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ ఆఫ్ అయిపోతోంది. ఒకసారి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటాక నడుస్తుండగానే ఆగిపోయింది. వెనకాలే లారీ! మూడుసార్లు చూపిస్తే మూడుసార్లూ ‘తేడా ఏమీ లేదు’ అని పంపించారు. పైగా ‘మేడమ్, కొత్తగా నేర్చుకున్నారా’ అని నవ్వుతారు. నాకు 2016 నుంచి లైసెన్సు ఉంది. మా పాత కారు 70 వేల కిలోమీటర్లు మొదటి క్లచ్‌తోనే తిరిగింది. కొత్త కారు ఇప్పించుకోవచ్చా? అప్పటిదాకా ఈఎంఐ కట్టడం ఆపేయవచ్చా?

జవాబు: టీచరుగారూ, పాత కారు సంగతి మీరు కోపంలో రాసినట్టున్నారు. మీ దగ్గరున్న గట్టి సాక్ష్యాల్లో అదొకటి. ఆ కారు సర్వీస్ రికార్డు, మీ లైసెన్సు కాపీ ఇవాళే తీసి ఫైల్లో పెట్టండి. ‘ఈమెకు బండి నడపడం రాదు’ అన్నదే అవతలివాళ్ల వాదన అయితే, అదే మనిషి అదే ఊళ్లో ఇంకో బండిని 70 వేల కిలోమీటర్లు ఒకే క్లచ్‌తో ఎలా నడిపారన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెప్పుకోవాలి. ఆ పాత కారు మీరే ఎక్కువగా నడిపేవారని చెప్పగలగాలి సుమా. మీవారు నడిపిన బండి అయితే ఈ వాదన నిలవదు.

ఇక అసలు విషయం. మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. సర్వీస్ సెంటర్ వాళ్లు రెండింటినీ కలిపి ‘డ్రైవింగ్’ అనే ఒక్క మాటతో కట్టేశారు. మీరు విడదీయాలి. క్లచ్ జారితే ఇంజిన్ ఆగదు. జారే క్లచ్ ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య పట్టు వదిలేస్తుంది కాబట్టి ఇంజిన్ ఇంకా స్వేచ్ఛగా తిరుగుతుంది. మీరు రాసిన అరుపు అదే. క్లచ్ వల్ల ఇంజిన్ ఆగాలంటే దానికి వ్యతిరేకంగా జరగాలి. పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ విడిపోకపోవాలి. అలాంటప్పుడు గేరు మార్చడం కూడా కష్టమవుతుంది, కరకరమని శబ్దం వస్తుంది.

దీనికి ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్ష ఒకటుంది. బండి ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. అప్పుడు కూడా ఇంజిన్ ఆగిపోతుంటే మీ కాలికీ దానికీ సంబంధం లేదు. పెట్రోల్ పంపో, సెన్సరో, థ్రాటిల్ బాడీయో, వైరింగో ఏదో ఒకటి చూడాల్సింది వాళ్లే. హైవే మీద గేరులో పోతున్నప్పుడు ఆగిన ఘటన ఇంకా బలమైనది. గేరులో ఉండి చక్రాలు తిరుగుతున్నంతసేపు అవే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. హాఫ్ క్లచ్ అలవాటు వల్ల అక్కడ ఇంజిన్ చచ్చిపోదు. అయితే ఒక్కటి ముందే చూసుకోండి. ఈమధ్య చాలా కార్లలో సిగ్నల్ దగ్గర పెట్రోల్ ఆదా కోసం ఇంజిన్ దానంతటదే ఆగి, క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటోంది. డ్యాష్‌బోర్డు దగ్గర దానికి బటన్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి నాలుగు రోజులు నడపండి. కేసు వేశాక ‘అది ఫీచర్ అండీ’ అని అవతలి లాయరు లేచి చెబితే మన పరువు పోతుంది.

వారంటీ సంగతికి వస్తే, క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్ల లాంటివి ‘అరిగే భాగాలు’ అని దాదాపు అన్ని కంపెనీల వారంటీ బుక్కుల్లోనూ రాసి ఉంటుంది. ఆ షరతు చెల్లుతుంది. కానీ అది మామూలుగా అరిగిపోయిన ప్లేటుకు. వేరే భాగం చెడిపోయి దానివల్ల ప్లేటు తగలబడితే అది ‘అరుగుదల’ కాదు. ఇంజిన్ వెనక ఉండే సీల్ గానీ, గేర్‌బాక్స్ సీల్ గానీ కారి ఆయిల్ ప్లేటు మీద పడితే క్లచ్ జారుతుంది. పెడల్ వదిలాక కూడా హైడ్రాలిక్ ఒత్తిడి పూర్తిగా దిగకపోతే, మీరు కాలు తీసినా ప్లేటు సగం పట్టుతోనే తిరుగుతూ వేడెక్కుతుంది. అంటే మీరు హాఫ్ క్లచ్‌లో నడపడం లేదు, బండే హాఫ్ క్లచ్‌లో నడుస్తోంది. ఈ సీళ్లు, పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేరవేసే హైడ్రాలిక్ సిలిండర్లు మామూలుగా వారంటీలో ఉండేవే. నాలుగు నెలల్లో, 4,400 కిలోమీటర్లకు రెండో ప్లేటు కూడా జారుతోందంటే, మొదటిసారి ప్లేటు మార్చారు గానీ కారణం వెతకలేదని గట్టిగా వాదించవచ్చు. కారణం చూడకుండా డబ్బు కట్టించుకోవడం సేవా లోపం కిందికి వస్తుంది. తయారీ లోపం రుజువు కాకపోయినా ఈ వాదన నిలబడుతుంది.

అందుకే అడుగుతున్నాను, మొదటి ప్లేటు ఎక్కడుంది? మీరు డబ్బు కట్టి మార్పించుకున్నారు కాబట్టి పాతది మీది. (వారంటీ కింద ఉచితంగా మారిస్తే పాత భాగాన్ని కంపెనీ తీసుకుంటుంది, అది వేరే సంగతి.) నా దగ్గరకు ఒకాయన పాత ప్లేటును గోనె సంచిలో చుట్టి తెచ్చాడు. విప్పితే ఒకవైపంతా ఆయిల్ పట్టి నల్లగా ఉంది. ఆ ఫోటోలు నోటీసుకు జతచేసి పంపాం, విషయం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లకుండానే తేలిపోయింది. మీ పాత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ ఇవ్వమని ఈమెయిల్ పెట్టండి. ‘పాత సామానులోకి పోయింది’ అని జవాబిస్తే అదీ మంచిదే. సాక్ష్యం తన చేతిలో ఉండి కూడా పోగొట్టినవాడి మీద కోర్టులు ప్రతికూల ఊహ చేయవచ్చు, అంటే ఆ సాక్ష్యం ఉండి ఉంటే అతనికే వ్యతిరేకంగా ఉండేదని అనుకోవచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. నీలం మచ్చలు పడిన ప్లేటు చూపించి ‘ఇదిగో, హాఫ్ క్లచ్’ అంటారు. ఆ మచ్చ వేడెక్కిందని మాత్రమే చెబుతుంది, ఎవరి వల్ల వేడెక్కిందో చెప్పదు. ఈసారి క్లచ్ విప్పేటప్పుడు మీరు గానీ, మీ తరఫున తెలిసిన మనిషి గానీ పక్కనే ఉండి ఫోటోలు తీయండి. బయటి మెకానిక్‌తో మాత్రం విప్పించకండి. వారంటీ పోయిందని వాళ్లు, సాక్ష్యం తారుమారైందని వాళ్ల లాయరు, ఇద్దరూ పట్టుకుంటారు.

జాబ్ కార్డు మీద మీరు సంతకం పెట్టే ఉంటారు. అందరం పెడతాం, చదవకుండానే. దానివల్ల కేసు పోదు గానీ, ఇకమీదట బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం చేయండి. ఇంజిన్ ఆగిపోవడాన్ని ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. మీ మాటల్లోనే రాయించండి. ఎక్కడ, ఏ వేగంలో, ఏ గేరులో ఆగిందో అన్నీ ఉండాలి. కంప్యూటర్ స్కాన్‌లో వచ్చిన కోడ్‌ల ప్రింటు అడగండి. నేను నా క్లయింట్లతో చేయించే పని మరొకటి ఉంది. ‘ఈ వాహనం రోడ్డు మీద నడపడానికి సురక్షితం’ అని జాబ్ కార్డులో రాసిమ్మని అడగమంటాను. నోటితో ‘ఏం కాదు మేడమ్’ అన్నవాళ్లు ఆ ఒక్క వాక్యం రాయడానికి వెనకాడతారు. అప్పుడే బండిని నిజంగా చూడటం మొదలుపెడతారు. నడుస్తున్న కారులో ఇంజిన్ ఆగితే రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేక్ గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. కాబట్టి ఇది పరాచికాలాడే విషయం కాదని మీరు కూడా గుర్తుంచుకుని, తేలేదాకా హైవే ఎక్కకండి.

కొత్త కారు వస్తుందా? నిజం చెప్పాలంటే ఈ దశలో అంత ఆశ పెట్టుకోవద్దు. మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చాలే తప్ప కారు మొత్తం మార్చమనడం కుదరదని కింది కమిషన్ ఉత్తర్వును సవరించింది. అయితే ప్రయాణ ఖర్చుల వంటివాటికి 50 వేలు ఇప్పించింది. 2011లో రిపోర్టయిన ఫియట్ కేసులో దారి కొంచెం తెరిచింది. స్వతంత్ర నిపుణుడు పరీక్షించి మౌలికమైన తయారీ లోపం ఉందని చెబితే కారు ధర, లైఫ్ ట్యాక్స్, ఈఎంఐ సొమ్ము 12 శాతం వడ్డీతో తిరిగివ్వాలంది. అంటే అంతా నిపుణుడి రిపోర్టు మీద ఆధారపడి ఉంది, దాన్ని తెప్పించాల్సింది మీరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ ప్రకారం లోపం ల్యాబ్ పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ పరీక్షకు పంపవచ్చు. ఫీజు ముందు మీరే కట్టాలి. ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ విభాగం నుంచి నిపుణుణ్ని నియమించమని ఫిర్యాదుతోపాటే పిటిషన్ వేయించండి. చాలామంది వాదనల దాకా ఆగి అప్పుడు అడుగుతారు, అప్పటికి బండి ఇంకో 20 వేల కిలోమీటర్లు తిరిగి ఉంటుంది.

కాబట్టి ఫిర్యాదులో ఒకే కోరిక పెట్టకండి. లోపం ఉచితంగా పూర్తిగా సరిచేయాలి, కట్టిన 14,600 వాపసివ్వాలి, మానసిక వేదనకూ ఖర్చులకూ పరిహారం ఇవ్వాలి, నిపుణుడు తయారీ లోపమని తేలిస్తే కారు మార్చాలి లేదా ధర తిరిగివ్వాలి అని వరసగా అడగండి.

కారు హైదరాబాద్‌లో కొన్నా మీరు కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట వేసుకునే వెసులుబాటు 34వ సెక్షన్ ఇచ్చింది. 50 లక్షల లోపు కాబట్టి జిల్లా స్థాయే. ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంది కాబట్టి ఫీజు 200 రూపాయలు. అమ్మిన షోరూమ్, ఇక్కడి సర్వీస్ సెంటర్, తయారీ కంపెనీ, ముగ్గురినీ చేర్చండి. అయితే ముగ్గురి మీదా ఒకే పేరా రాసేస్తే చాలదు. డీలర్ చేసిన తప్పుకు కంపెనీ దానంతటదే బాధ్యురాలు కాదని టాటా మోటార్స్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరు ఏం తప్పు చేశారో విడివిడిగా రాయించండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం నోటీసును తప్పనిసరి చేయలేదు, అయినా పంపితేనే మంచిది. గడువు రెండేళ్లు. మొదటి క్లచ్ బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, ‘తిరుగుతూనే ఉన్నాను కదా’ అన్న ధీమా వద్దు. పరీక్ష అవసరమైన కేసును ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే దిగండి.

బిల్లు మీ పేరు మీదే ఉండటం మంచిదైంది. ఇంట్లో ఎవరిదైనా షాపు పేరు మీద కొని ఉంటే ‘వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నారు, మీరు వినియోగదారే కాదు’ అని మొదటి రోజే అడ్డం తిరిగేవారు.

మీ మోడల్‌లో ఇదే లోపం ఇంకా ఎవరికైనా వచ్చిందా అన్నదీ చూడండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే రీకాల్ ఉంటే తెలుస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన 110ఎ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన లోపమున్న వాహనాలను వెనక్కి రప్పించమని కేంద్రం ఆదేశించవచ్చు. దానికి మీలాంటివాళ్ల ఫిర్యాదులు కూడా ఒక ఆధారం. ఇక్కడ ఇవ్వాల్సింది ఇంజిన్ ఆగిపోయే ఫిర్యాదు, క్లచ్‌ది కాదు.

చివరిగా ఈఎంఐ. ఆపకండి. మీరు అప్పు తీసుకున్నది బ్యాంకు దగ్గర, గొడవ ఉన్నది కంపెనీతో. బండి చెడిందన్నది బ్యాంకుకు కట్టకపోవడానికి కారణం కాదు. ఆపితే సిబిల్ స్కోరు పోతుంది, బండి స్వాధీనం చేసుకునే హక్కు వాళ్లకు వస్తుంది. బండి వాళ్ల యార్డుకు చేరితే నిపుణుడికి చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. నెలనెలా కట్టిన రసీదులు దాచండి. ఫియట్ కేసులో ఈఎంఐ కూడా తిరిగివ్వమన్నారని చెప్పాను కదా, ఆ లెక్క అడగాలంటే ఆ కాగితాలు కావాలి.